గాలికి తూకం రాయి

పదకొండేళ్లుగా నేను ఫ్యాక్టరీలు తిరుగుతూ గ్యాస్ డిటెక్టర్లు సరిచూస్తున్నాను. డిటెక్టరంటే అరచేతిలో పట్టే చిన్న యంత్రం. ట్యాంకులోకో, మ్యాన్‌హోల్‌లోకో, బొగ్గు బాయిలోకో దిగే మనిషి దాన్ని చొక్కాకు తగిలించుకుంటాడు. చుట్టూ గాలి చెడితే అది కూస్తుంది, ఎర్రదీపం వెలిగిస్తుంది, వణుకుతుంది. నా సంచిలో ఒక చిన్న సిలిండర్, దానికి బిగించే రెగ్యులేటర్, మూరెడు గొట్టం ఉంటాయి. ఆ సిలిండర్‌లో ఉండేది క్యాలిబ్రేషన్ గ్యాస్. పనిలో మేం క్యాల్ గ్యాస్ అంటాం. మా గూడెంలో ఈ మాట చెబితే వంట గ్యాస్ అనుకుంటారు. కాదు. అది పొయ్యి వెలిగించదు, బండి నడపదు. ఎంత చెడగొట్టామో లెక్క రాసిపెట్టి, కావాలని చెడగొట్టిన గాలి అది. అలాంటి గాలిని డబ్బు పెట్టి ఎందుకు కొనాలో మనవాళ్లకు తెలియాలి. నేను వెళ్లిన చాలా ఫ్యాక్టరీల్లో ట్యాంకులు కడిగే కాంట్రాక్టు కూలీల్లో మన ఏజెన్సీ పిల్లలు కనిపిస్తున్నారు.

దీన్ని అర్థం చేసుకోవడం మనకు కష్టం కాదు. మన పెద్దలు ఈ పాఠం సంతలో నేర్చుకున్నారు. చింతపండు, ఇప్పపువ్వు, కరక్కాయ, తపసి జిగురు నెత్తిన పెట్టుకుని కోసుల దూరం నడిచి సంతకు పోతే, అక్కడ తక్కెడ షావుకారుది, తూకం రాయి కూడా షావుకారుదే. అయిదు కిలోల సరుకు మూడున్నర తూగేది. తక్కెడ ముల్లు మధ్యలోనే నిలబడేది, చూసేవాళ్లకు అంతా సరిగ్గానే ఉన్నట్టుండేది. మోసం తక్కెడలో కనబడదు, రాయిలో ఉంటుంది. 1956లో గిరిజన కో-ఆపరేటివ్ కార్పొరేషన్ పెట్టడానికి ఒక కారణం ఈ వ్యాపారుల దోపిడీయే. ఆ తర్వాత కూడా మన పెద్దలు తక్కెడను కాదు, రాయిని చూడడం అలవాటు చేసుకున్నారు. రాయి తిరగేసి ముద్ర ఉందా అని చూసేవాళ్లు. నాకు తెలిసిన ఒక అవ్వ తన ఇంట్లో ఒక కిలో రాయి దాచుకుంది. సంతకు పోయే ముందు ఇంట్లో తూచుకునేది, అక్కడ తేడా వస్తే అక్కడే నిలదీసేది.

క్యాలిబ్రేషన్ గ్యాస్ అలాంటి రాయే. డిటెక్టర్ తక్కెడ. తక్కెడ ఎంత ఖరీదైనదైనా, దాని మీద తెలిసిన బరువు పెట్టి చూడకుండా అది చెప్పే బరువును నమ్మలేం. డిటెక్టర్‌కు కూడా తెలిసిన గాలి చూపించాలి. చూపించినప్పుడు అది సరైన అంకె చెప్పాలి. అప్పుడే అది తెలియని గాలి గురించి చెప్పే మాటను నమ్మొచ్చు.

గాలిని పరీక్షించడం మనకు కొత్త కాదు. పాడుబడిన బావిలో పూడిక తీయడానికి దిగే ముందు తాడుకు దీపం కట్టి లోపలికి దించేవాళ్లు. దీపం ఆరిపోతే ఆ రోజు దిగేవాళ్లు కాదు. మా నాయన బొగ్గు బాయిలో పనిచేశాడు. బాయిలో సర్దార్ చేతిలో సేఫ్టీ ల్యాంప్ ఉండేదని చెప్పేవాడు. ఇంగ్లండులో హంఫ్రీ డేవీ 1815లో చేసిన దీపం దానికి మూలం. మంటను బాగా తగ్గించి పట్టుకుంటే, గాలిలో మీథేన్ ఉన్నప్పుడు ఆ మంట మీద లేత నీలం టోపీ లాంటిది లేస్తుంది. టోపీ ఎత్తును బట్టి ఎంత శాతం గ్యాస్ ఉందో చెప్పాలి. అది చెప్పగలిగినవాళ్లకే గ్యాస్ టెస్టింగ్ సర్టిఫికెట్ ఇస్తారు. మీథేన్ 1.25 శాతం దాటితే అక్కడ కరెంటు తీసేయాలి. 1965లో బీహార్ బొగ్గు ప్రాంతంలోని ధోరి గనిలో జరిగిన పేలుడులో 268 మంది పోయారు. బాయిలో గ్యాస్ లెక్క తప్పడమంటే ఏమిటో ఆ అంకె చెబుతుంది.

కానీ దీపానికి తెలిసింది కొంతే. ఆక్సిజన్ తగ్గితే ఆరిపోతుంది, మీథేన్ ఉంటే నీలం టోపీ చూపిస్తుంది. మనిషిని చంపేంత కార్బన్ మోనాక్సైడ్ ఉన్నా దీపం మామూలుగానే వెలుగుతుంది. మురుగు ట్యాంకుల్లో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ సంగతి కూడా దీపం చెప్పదు. అందుకే బ్రిటన్ గనుల్లో దీపంతో పాటు చిన్న పిట్టలను పంజరంలో తీసుకుపోయేవాళ్లు. విషవాయువుకు పిట్ట మనిషి కంటే ముందు పడిపోతుంది. అక్కడ 1986 దాకా ఆ పిట్టలను వాడారు. ఇప్పుడు ఆ దీపం పనీ పిట్ట పనీ కలిపి ఒకే డబ్బా చేస్తోంది.

ఆ డబ్బాలో మామూలుగా నాలుగు సెన్సర్లు ఉంటాయి. ఒకటి మండే గ్యాసుకు, ఒకటి ఆక్సిజన్‌కు, ఒకటి కార్బన్ మోనాక్సైడ్‌కు, ఒకటి హైడ్రోజన్ సల్ఫైడ్‌కు. అవి రాయిలాంటివి కావు. వాటిలో రసాయనం ఉంటుంది, అది వాడుకలో ఖర్చవుతుంది, ఎండకు ఎండుతుంది, వయసు మీద పడుతుంది. చాలా సెన్సర్ల ఆయుష్షు రెండు మూడేళ్లే. మండే గ్యాసు సెన్సర్‌లో చిన్న పూస ఉంటుంది. గ్యాస్ ఆ పూస మీద కాలుతుంది, పూస వేడెక్కుతుంది, ఆ వేడిని అంకెగా చూపిస్తుంది. సిలికోన్ కలిసిన గ్రీజు, పాలిష్, స్ప్రే దగ్గరలో వాడితే ఆ పూస మీద పొర కట్టి అది పనికిరాకుండా పోతుంది. యంత్రం మాత్రం వెలుగుతూనే ఉంటుంది. బ్యాటరీ నిండుగా ఉంటుంది. అంకె సున్నా చూపిస్తుంది.

అసలు ప్రమాదం ఆ సున్నాలో ఉంది. గాలి శుభ్రంగా ఉంటే సున్నా వస్తుంది. సెన్సర్ చచ్చిపోయినా సున్నాయే వస్తుంది. రెండు సున్నాలూ చూడటానికి ఒక్కటే. ఏది ఏదో తేల్చడానికి గ్యాస్ చూపించడం తప్ప దారి లేదు.

ఎక్కువగా వాడే సిలిండర్ మీద ఇలా రాసి ఉంటుంది: మీథేన్ 2.5 శాతం, ఆక్సిజన్ 18 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 100 పీపీఎం, హైడ్రోజన్ సల్ఫైడ్ 25 పీపీఎం, మిగిలింది నైట్రోజన్. పీపీఎం అంటే పది లక్షల పాళ్లలో ఒక పాలు. మీథేన్ గాలిలో 5 శాతం ఉంటేనే మండుతుంది. 2.5 అంటే అందులో సగం. కాబట్టి యంత్రం 50 చూపించాలి, సిలిండర్ కూడా మంట పట్టదు. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. 19.5 కంటే తగ్గితే డిటెక్టర్ కూయాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు 35 దగ్గర, హైడ్రోజన్ సల్ఫైడ్‌కు 10 దగ్గర కూసేలా చాలా యంత్రాలను అమరుస్తారు. ఇప్పుడు సిలిండర్ మీద అంకెలు మళ్లీ చూడండి. నాలుగూ హద్దు దాటేలా కలిపినవే. ఈ ఒక్క సిలిండర్ గాలి తగిలితే నాలుగు సెన్సర్లూ ఒకేసారి మొర పెట్టాలి. రోజూ పనికి ముందు అర నిమిషమో నిమిషమో గ్యాస్ చూపించి, కూస్తుందో లేదో చూడడాన్ని బంప్ టెస్ట్ అంటారు. అంకె తేడాగా ఉంటే సిలిండర్ మీది అంకెకు దాన్ని సరిచేయడం క్యాలిబ్రేషన్.

ఒక రసాయనాల ఫ్యాక్టరీలో జరిగింది చెబుతాను. పేరు ఇక్కడ అక్కర్లేదు. నేను స్టోర్స్‌లో పాత డిటెక్టర్లు సరిచూడటానికి వెళ్లాను. బయట మురుగునీళ్లు శుద్ధిచేసే ట్యాంకు దగ్గర నలుగురు కూలీలు బూట్లు వేసుకుని నిలబడి ఉన్నారు. ఇద్దరి మాట విని కోయలో పలకరించాను. ఒకరిది మా మండలమే. ట్యాంకు అడుగున బురద తీయాలి. పర్మిట్ కాగితం మీద సంతకం అయిపోయింది. సూపర్‌వైజర్ చేతిలోని డిటెక్టర్ మీద మూడు సున్నాలు, ఒక 20.9.

"దీనికి గ్యాస్ ఎప్పుడు చూపించారు సార్?" అని అడిగాను.

"స్టోర్స్‌లో సిలిండర్ ఉంది కదా," అన్నాడు. ఉంది. దాని గడువు తేదీ దాటి ఏడాది పైనే అయింది. మీటరు ముల్లు అడుక్కి ఆనుకుని ఉంది.

నా సిలిండర్ పెట్టి చూపించాను. మీథేన్ 49కి ఎక్కింది. కార్బన్ మోనాక్సైడ్ 97. ఆక్సిజన్ 18కి దిగింది. యంత్రం కూసింది. హైడ్రోజన్ సల్ఫైడ్ దగ్గర సున్నా. రెండు నిమిషాలు వదిలాను. సున్నాయే.

"ట్యాంకులో ఆ గ్యాస్ లేదేమో, అందుకే సున్నా," అన్నాడు సూపర్‌వైజర్.

"ఇది ట్యాంకులో గాలి కాదు సార్, నా సీసాలో గాలి. ఇందులో 25 ఉందని రాసి ఉంది, చూడండి."

ఆయన చెడ్డమనిషి కాదు. లేబుల్ చదివాడు, మాట్లాడలేదు. ఇంకో డిటెక్టర్ తెప్పించి, దానికి బంప్ టెస్ట్ చేసి, తాడు కట్టి దించాం. పైన సున్నా, నడిమధ్య 3. బురదకు జానెడు పైన 38 చూపించి కూయడం మొదలుపెట్టింది. ఆ పూట బ్లోయర్ పెట్టి గాలి మార్చారు. ఎవరికీ ఏమీ కాలేదు. మా మండలం పిల్లవాడు నా పక్కకు వచ్చి అడిగాడు: "అన్నా, పోయిన వారం పక్క ట్యాంకులోకి దిగాం. అప్పుడు కూడా ఇదే డబ్బా. మరి అప్పుడు?" వాడికి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. ఎవరి దగ్గరా ఉండదు. ఆ రోజు గాలి బాగుందో, అదృష్టం బాగుందో చెప్పే అంకె ఎక్కడా లేదు.

హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్డు వాసన వేస్తుందని అందరికీ తెలుసు. అందుకే ముక్కును నమ్ముతారు. కానీ 100 పీపీఎం దగ్గరికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారుతుంది. వాసన పోయింది కాబట్టి గ్యాస్ పోయిందనుకుంటారు. నిజానికి అప్పుడే అది పెరుగుతూ ఉండొచ్చు. ఇంకా పెరిగి వందల్లోకి పోతే ఒకటి రెండు ఊపిరులకే మనిషి కూలిపోతాడు. పైవాడు కింద పడ్డవాణ్ణి చూసి దూకుతాడు, వాణ్ణి చూసి మూడోవాడు. మురుగు ట్యాంకుల దగ్గర ఒకే చోట ముగ్గురు నలుగురు పోవడానికి కారణం ఇదే. దూకేది ఎక్కువగా అన్నదమ్ములు, ఒకే ఊరివాళ్లు. మనం ఒకరి వెనుక ఒకరం పనికి పోయేవాళ్లం కాబట్టి ఈ మాట మనకు మరీ ముఖ్యం.

ఇక గ్యాస్ చూపించకుండా చూపించినట్టు చేసే పద్ధతులు చాలా ఉన్నాయి. ఒకటి, డిటెక్టర్ మీద గట్టిగా ఊదడం. మనం వదిలే ఊపిరిలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి అది కూస్తుంది. "చూశావా, పనిచేస్తోంది" అంటారు. పనిచేసింది ఆక్సిజన్ సెన్సర్ ఒక్కటే, మిగతా మూడింటి సంగతి తేలలేదు. రెండోది, సిగరెట్ లైటర్ నొక్కి గ్యాస్ వదలడం. మండే గ్యాసు సెన్సర్ ఉలిక్కిపడుతుంది, అంత గాఢమైన గ్యాస్ తగిలి దెబ్బతినొచ్చు కూడా. ఎంతకు ఎంత చూపించిందో మాత్రం ఎవరికీ తెలియదు, ఎందుకంటే లైటర్ మీద అంకె లేదు. మూడోది, నడుస్తున్న డీజిల్ జనరేటర్ పక్కన నిలబడి యంత్రాన్ని సున్నాకు సరిచేయడం. అక్కడి పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌నే అది సున్నా అనుకుంటుంది. ఆ తర్వాత ఎక్కడికి పోయినా ఆ మేరకు తగ్గించి చెబుతుంది. షావుకారు తక్కెడకు ఒక పక్కన చింతపండు ముద్ద అంటించడం లాంటిదే ఇది.

నాలుగోది గడువు దాటిన సిలిండర్. గాలికి గడువేమిటని నవ్వుతారు. మీథేన్ సీసాలో ఏళ్ల తరబడి మారకుండా ఉంటుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ అలా ఉండదు. అది లోహంతో కలుస్తుంది, సీసా గోడలకు అంటుకుంటుంది, మెల్లగా తగ్గిపోతుంది. అందుకే దాన్ని లోపల ప్రత్యేకంగా శుద్ధిచేసిన అల్యూమినియం సీసాల్లో నింపుతారు, అయినా తేదీ వేస్తారు. లేబుల్ మీద 25 ఉండి లోపల 15 మిగిలిందనుకోండి. డిటెక్టర్ 15 అంటే మనం దాన్ని బలవంతంగా 25కు సరిచేస్తాం. అక్కడి నుంచి అది ప్రతిదీ ఎక్కువ చేసి చెబుతుంది, ఊరికే కూస్తుంది, విసిగిపోయిన కూలీ దాన్ని ఆపేస్తాడు. గొట్టం కూడా అంతే. మామూలు రబ్బరు గొట్టం ఈ గ్యాసును కొంత పీల్చేసుకుంటుంది. సరైన గొట్టం, పొట్టిగా వాడాలి.

అయితే ఆ సీసా మీది 25 నిజమని ఎవరు చెప్పాలి? ఈ ప్రశ్న నేను పనిలో చేరిన కొత్తలోనే మా పెద్ద టెక్నీషియన్‌ను అడిగాను. ఆయన చెప్పిన జవాబు ఇప్పటికీ నాకు ఇష్టం. మంచి క్యాలిబ్రేషన్ గ్యాసును తయారుచేసేది తూచి. ఖాళీ సీసాను చాలా సున్నితమైన కాటా మీద పెడతారు, ఒక్కో గ్యాస్ నింపి మళ్లీ తూస్తారు. పెరిగిన బరువు ఎంతో, ఆ గ్యాస్ అంత. ఆ కాటాను సరిచూసే రాళ్లను వాటికంటే నమ్మకమైన రాళ్లతో సరిచూస్తారు. అలా పోతూ పోతూ న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలకు చేరతాం. మన దేశపు కిలో రాయి అక్కడే ఉంది. ప్లాటినం, ఇరీడియం కలిపి చేసిన చిన్న దిమ్మ, దాని నంబరు 57. 2019 మే 20 నుంచి ప్రపంచమంతా కిలోను లోహపు దిమ్మతో కాక ప్రకృతిలోని ఒక స్థిరాంకంతో నిర్వచిస్తోంది. అయినా వరస అదే. కింది రాయికి పైరాయి సాక్షి. మన సంతలో రాయి మీద వేసే ముద్రకు, నా సంచిలోని సీసా లేబుల్‌కు మూలం ఒక్కచోటే ఉందని తెలిసిన రోజు నాకు అవ్వ దాచుకున్న కిలో రాయి గుర్తొచ్చింది.

ఖర్చు మాట కూడా చెప్పాలి. సిలిండర్ ధర వేలల్లో ఉంటుంది. అందుకే కాంట్రాక్టర్లు వాయిదా వేస్తారు. కానీ 58 లీటర్ల సిలిండర్‌ను నిమిషానికి అర లీటరు చొప్పున వదిలితే 116 నిమిషాలు వస్తుంది. ఒక బంప్ టెస్టుకు నిమిషం పట్టినా వంద రోజుల పైమాటే. చట్టం కూడా కొత్తగా అడిగేది కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్‌లోనే ఇది రాశారు. అర్హత ఉన్న మనిషి స్వయంగా పరీక్షించి, లోపల ప్రమాదకరమైన గ్యాస్ లేదని కాగితం మీద రాసి ఇవ్వాలి. లేదంటే దిగేవాడికి శ్వాస పరికరం, నడుముకు తాడు కట్టిన బెల్టు ఉండాలి. మురుగు కాలువల్లో పోయినవాళ్ల కుటుంబాలకు 30 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. ఆ డబ్బు మనిషి పోయాక వచ్చేది. ఒక నిమిషం గ్యాస్ మనిషి ఉండగా ఖర్చుపెట్టేది.

గ్యాస్ చూపించిన డిటెక్టర్ ఉన్నా పని అక్కడితో అయిపోదు. మీథేన్ తేలిక, పైకి పోతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికంటే బరువు, అడుగున కూర్చుంటుంది. పైన మూత దగ్గర ఒక్కసారి పెట్టి చూస్తే సరిపోదు. పైన, మధ్యన, అడుగున మూడుచోట్లా చూడాలి. బురదలో కాలు పెట్టి తొక్కితే అడుగున చిక్కుకున్న గ్యాస్ బుడగలుగా లేస్తుంది. కాబట్టి దిగేముందు చూసిన సున్నా దిగాక ఉండకపోవచ్చు. డిటెక్టర్ పనంతసేపూ దిగినవాడి ఒంటి మీదే ఉండాలి, పర్మిట్ కాగితంతో పాటు పైన బల్ల మీద కాదు. ఆక్సిజన్ బాగా తక్కువున్న చోట మండే గ్యాసు సెన్సర్ మాట కూడా నమ్మకూడదు. దాని పూస మీద గ్యాస్ కాలాలంటే ఆక్సిజన్ కావాలి. అందుకే ముందు ఆక్సిజన్ అంకె, తర్వాత మిగతావి చూడాలి.

ఇంత శాస్త్రం కూలీకి ఎందుకని ఒకసారి ఒక కాంట్రాక్టర్ నన్ను అడిగాడు. దిగేది ఆయన కాదు. సంతలో రాయి తిరగేసి చూసిన మన పెద్దలు లెక్కలు చదువుకున్నవాళ్లు కాదు. ముద్ర ఎక్కడ ఉంటుందో తెలుసుకున్నారు, చూపించమని అడిగారు. ఇక్కడ కూడా అంతే సరిపోతుంది. పట్నానికి పనికి పోయే పిల్లలకు మా గూడెంలో నేను చెప్పేది నాలుగు మాటలే. ఈ డబ్బాకు ఇవాళ గ్యాస్ చూపించారా, నా కళ్లముందు చూపించండి. సీసా మీద తేదీ ఎంత? నాలుగూ కూశాయా? అడుగున కొలిచారా? పైన తాడు పట్టుకుని ఉండేది ఎవరు, నేను పడితే దూకకుండా లాగేది ఎవరు అన్నది కూడా అడగమంటాను. అడిగితే పని పోతుందని భయపడతారు. ఆ భయం ఉత్తిది కాదు, ఒక్కడే అడిగితే ఆ రోజు కూలి పోవచ్చు. అందుకే నలుగురూ కలిసి అడగమని చెబుతున్నాను. నలుగురూ కలిసి పర్మిట్ కాగితం ముందు నిలబడితే, సీసా తెచ్చి ఒక నిమిషం గ్యాస్ చూపించడం ఏ సూపర్‌వైజర్‌కైనా పెద్ద పని కాదు. మా మండలం పిల్లవాడు ఇప్పుడు వేరే ఫ్యాక్టరీలో ఉన్నాడు. మొన్న ఫోన్ చేసి, సీసా మీద తేదీ చదివి వినిపించి, "ఇంకా ఏడు నెలలుందన్నా, దిగొచ్చా?" అని అడిగాడు. తేదీ సరే, నాలుగూ కూశాయో లేదో చూసి దిగమన్నాను.